ఆదాయాన్ని తూచే కాంటా: న్యాయమైన పన్ను చట్టం ఎక్కడ మొదలవుతుంది?

[దృశ్యం: మిర్యాలగూడ శివారులో ఒక రైస్‌మిల్లు. ధాన్యం లారీ నెమ్మదిగా వేబ్రిడ్జి మీదికి ఎక్కుతోంది. గది కిటికీలో ఎర్రటి అంకెలు మారుతున్నాయి.]

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ కాంటా మీద ప్రతి లారీని రెండుసార్లు తూస్తారు. సరుకుతో ఒకసారి, దింపిన తరువాత ఖాళీగా మరొకసారి. ఆ రెండింటి తేడాయే ధాన్యం బరువు కనుక, అంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా తరుగు దగ్గర మొదలవుతుంది. 2025-26 వానాకాలపు గ్రేడ్-ఎ (మేలు రకం) ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. నలభై కిలోల బస్తాకు డబ్బు కట్టి, తేమ, తాలు పేరు చెప్పి నలభై రెండు కిలోలు తూచుకుంటే, కాగితం మీద ధర ఒక్క పైసా మారకుండానే రైతుకు క్వింటాకు సుమారు 114 రూపాయలు తగ్గిపోతాయి.

ఆదాయపు పన్ను విషయంలో కూడా మనం ధర గురించే, అంటే రేటు గురించే, ఎక్కువగా వాదించుకుంటాము. ఒక దేశానికి కొత్తగా పన్ను చట్టం రాసే పని మనకు అప్పగిస్తే, ముందుగా రాయవలసింది శ్లాబుల పట్టిక కాదని నా అభిప్రాయం. దేన్ని ఆదాయం అనాలి, అందులోంచి ఏ తరుగు తీయాలి, మిగిలినది ఎవరి పేర లెక్కకు రావాలి అన్నవి తేలకుండా రేటు గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదు.

[దృశ్యం: నల్గొండ క్లాక్‌టవర్ కూడలి. తెరపై మూడు బొమ్మలు: అధ్యాపకురాలు, లారీ యజమాని, బత్తాయి రైతు.]

వ్యాఖ్యాత: ఈ ముగ్గురూ ఊహించుకున్న మనుషులే కాని, ఇటువంటి వారు మన జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉంటారు. ముగ్గురి చేతికీ ఏడాదికి 16 లక్షల 75 వేల రూపాయలు వచ్చాయని అనుకుందాము.

అధ్యాపకురాలికి స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే ఒకే తరుగు) కింద 75 వేలు పోను 16 లక్షలు మిగులుతాయి. 2025-26 కొత్త విధానం ప్రకారం మొదటి నాలుగు లక్షలపై పన్ను లేదు, తరువాత ప్రతి నాలుగు లక్షలకు 5, 10, 15 శాతం చొప్పున పెరుగుతూ పోయి 24 లక్షలు దాటిన సొమ్ముపై 30 శాతం పడుతుంది. ఆ లెక్కన ఆమెకు 1,20,000 రూపాయల పన్ను, దానిపై నాలుగు శాతం సెస్సు కలిపి 1,24,800 అవుతుంది. జీతం బ్యాంకులో పడకముందే టీడీఎస్ రూపంలో అది కోతకు గురవుతుంది కనుక, దాచే అవకాశమూ ఆమెకు లేదు, వాయిదా వేసే అవకాశమూ లేదు.

లారీ యజమానికి చట్టం ఇచ్చిన దారి వేరు. పన్నెండు టన్నులు దాటిన సరుకు వాహనానికి, బండి స్థూల బరువులో టన్నుకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఆదాయం వచ్చినట్లు భావిస్తారు. అంతకంటే ఎక్కువ వచ్చిందని తానే చెప్పుకుంటే ఆ మొత్తాన్ని తీసుకుంటారు. 35 టన్నుల బండ్లు రెండు ఉంటే ఏడాదికి 8,40,000 అవుతుంది, 12 లక్షల దాకా ఆదాయానికి ఇచ్చే రిబేటు, అంటే పన్ను మాఫీ, తరువాత పన్ను సున్నా. డీజిల్ బిల్లులు, టైర్ల రశీదులు దాచుకోలేని మనిషికి ఇది నిజంగా మేలే. అయితే కిరాయి బాగా దొరికిన ఏడాదికీ, ఇంజను పాడై బండి షెడ్డులో పడి ఉన్న ఏడాదికీ ఒకే అంకె పడుతుంది. ఇక్కడ చట్టం సౌలభ్యాన్ని ఎంచుకుని, కచ్చితత్వాన్ని వదులుకుంది.

మూడో మనిషి బత్తాయి రైతు. ఆయనకు పన్నే లేదు.

దీనికి ఒక చరిత్ర ఉన్నది. బ్రిటిష్ ఇండియాలో ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ 1860లో తెచ్చిన తొలి ఆదాయపు పన్ను వ్యవసాయ ఆదాయాన్ని కూడా తాకింది. భూమి శిస్తు ఎలాగూ కడుతున్నారు కనుక రెండు పన్నులు వద్దన్న వాదన నిలిచి, 1886 చట్టం వ్యవసాయాన్ని మినహాయించింది. అప్పటికి నల్గొండ, పాలమూరు నిజాం ఏలుబడిలో ఉన్నాయి కనుక ఆ చట్టాలు మనకు వర్తించలేదు. భారత ఆదాయపు పన్ను చట్టం ఇక్కడికి వచ్చింది 1950లో. రాజ్యాంగం వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది, తెలంగాణ అటువంటి పన్ను వసూలు చేయడం లేదు. శిస్తు భారం పోయింది, మినహాయింపు మాత్రం మిగిలింది.

[దృశ్యం: తెరపై నల్లబల్ల. సుద్దతో లెక్క.]

వ్యాఖ్యాత: ఇప్పుడు అసలు చిక్కు చూడండి. మన అధ్యాపకురాలికే ఎనిమిది లక్షల ఆదాయం ఇచ్చే బత్తాయి తోట కూడా ఉన్నదనుకుందాము. 1970ల నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం, తోట ఆదాయంపై నేరుగా పన్ను వేయరు కాని, జీతంపై ఏ రేటు పడాలో తేల్చడానికి దాన్ని కలిపి చూస్తారు. 16 లక్షలకు ఎనిమిది కలిపితే 24 లక్షలు, దానిపై పన్ను మూడు లక్షలు. అందులోంచి తోట ఆదాయానికి నాలుగు లక్షల మినహాయింపు కలిపిన 12 లక్షలపై పన్ను 60 వేలు తీసివేస్తే 2,40,000 మిగులుతుంది. తోట లేని తన సహోద్యోగి కంటే ఆమె సరిగ్గా రెండింతలు కడుతుంది. తోట ఒక్కటే జీవనాధారంగా అదే 24 లక్షలు సంపాదించిన మనిషి మాత్రం ఏమీ కట్టడు. ఈ మినహాయింపు చిన్న రైతు కోసమని అందరూ అంటారు. రెండెకరాల పత్తి రైతు ఆదాయం నాలుగు లక్షల దరిదాపులకు కూడా రాదు కనుక, మినహాయింపు ఉన్నా లేకున్నా ఆయనకు పన్ను పడదు.

మరి రైతులందరినీ ఉద్యోగుల పట్టికలోకి లాగితే సరిపోతుందా అంటే, అదీ అన్యాయమే అవుతుంది. ఆ మాటకు తరువాత వస్తాను.

ముందు మెట్ల సంగతి. ఒక శ్లాబు దాటితే మొత్తం ఆదాయంపై కొత్త రేటు పడుతుందని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నిజం కాదు, దాటిన భాగంపైనే పడుతుంది. అయితే 12 లక్షల దగ్గర మాత్రం నిజంగానే ఒక గుంత ఉన్నది. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం సరిగ్గా 12 లక్షలైతే 60 వేల రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. 12,10,000 అయితే, శ్లాబుల ప్రకారం రావలసిన 61,500ను ఉపశమనం కింద పదివేలకు తగ్గిస్తారు. అంటే అదనంగా సంపాదించిన పదివేలూ పన్నుకే పోతాయి, పైన 400 రూపాయల సెస్సు చేతినుంచి పడుతుంది. సుమారు 12,70,000 దాకా పరిస్థితి ఇదే. ఓవర్‌టైం చేసిన మనిషి జేబు, చేయని మనిషి జేబు కంటే తేలికగా ఉండే చోటు ఏ పట్టికలోనూ ఉండకూడదు.

రేటు మరీ పెంచినా పని జరగదు. 1970ల తొలినాళ్లలో మన దేశంలో పై మెట్టు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతానికి చేరింది. పన్ను ఎగవేతను పరిశీలించిన జస్టిస్ వాంఛూ కమిటీ ఆ రేట్లే ఎగవేతకు ఒక కారణమని చెప్పి 75 శాతానికి దించమన్నది. 1974-75లో అది 77 శాతానికి దిగింది.

ఎవరి పేర లెక్క అన్న ప్రశ్న మరొకటి. ఒకే వీధిలో ఒక ఇంట్లో తరుగు పోను భర్త ఒక్కడే 16 లక్షలు, పక్కింట్లో భార్యాభర్తలు చెరి ఎనిమిది లక్షలు సంపాదిస్తే, మొదటి ఇల్లు 1,24,800 కడుతుంది, రెండో ఇల్లు ఏమీ కట్టదు. జర్మనీలో దంపతుల ఆదాయం కలిపి, సగం చేసి లెక్కించే వీలు ఉన్నది. దానివల్ల ఈ తేడా పోతుంది కాని, తక్కువ సంపాదించే భార్య మొదటి రూపాయి మీదనే భర్త రేటు పడుతుంది. ఉద్యోగంలో చేరాలనుకునే ఆడవారికి అది అడ్డు కనుక, వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్న మన పద్ధతినే నేను సమర్థిస్తాను.

[దృశ్యం: పే స్లిప్ దగ్గరగా. "వృత్తి పన్ను 200" అన్న గడి మీద వేలు.]

వ్యాఖ్యాత: ఈ గడిని కూడా ఒకసారి చూడండి. తెలంగాణలో నెలకు 20 వేలు దాటిన జీతగాడు ఎవరైనా నెలకు 200 రూపాయలే వృత్తి పన్ను కడతాడు. పాతిక వేల ప్రైవేటు బడి పంతులూ, రెండున్నర లక్షల అధికారీ ఒకటే. ఏడాదికి 2,500 మించరాదని రాజ్యాంగమే హద్దు పెట్టింది.

[దృశ్యం: బత్తాయి తోట. చెట్ల నిండా పూత.]

వ్యాఖ్యాత: ఇక రైతు దగ్గరికి వద్దాము. బత్తాయి నాటిన తరువాత కాపు చేతికి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, బోరు ఎండిపోతే ఆ చెట్టే పోతుంది. మూడేళ్లలో సున్నా, సున్నా, 24 లక్షలు సంపాదించిన రైతును, ఏటా ఎనిమిది లక్షలు తెచ్చుకునే ఉద్యోగి పక్కన నిలబెట్టండి. మొత్తం ఇద్దరిదీ 24 లక్షలే. ఒకే పట్టిక వర్తింపజేస్తే ఉద్యోగికి మూడేళ్లూ పన్ను ఉండదు, రైతుకు మాత్రం ఒక్క ఏడాదిలో సెస్సు కాకుండానే మూడు లక్షలు పడుతుంది. ఆస్ట్రేలియాలో ఇటువంటి ఉత్పత్తిదారులకు ఐదేళ్ల వరకు ఆదాయాన్ని సగటు చేసి రేటు నిర్ణయించే పద్ధతి ఉన్నది. పెద్ద తోటలను పన్ను కిందికి తెచ్చే ఏ చట్టమైనా, సగటు లెక్కను అదే చట్టంలో రాయాలని, నష్టపోయిన ఏడాదిని తరువాతి ఏడాదికి మోసుకుపోనివ్వాలని నేను అంటాను.

దానికి కాగితం కావాలి. మార్కెట్ యార్డులో అమ్మితే తక్‌పట్టి (అమ్మకపు చీటీ) చేతికి వస్తుంది, అందులో తూకమూ ధరా ఉంటాయి. ఇదిగో, ఈ తోటను మాత్రం పూత మీద ఉండగానే గుత్తకు మాట్లాడుకుంటారు. బేరం చెట్టు కిందనే కుదురుతుంది, బయానా చేతి నుంచి చేతికి మారుతుంది, కాంటా దాకా పోయే పని వ్యాపారిది, రైతు దగ్గర ఒక్క చీటీ కూడా మిగలదు.