ముందు డెస్క్‌కు నేర్పండి, ఫీల్డ్ సంగతి తర్వాత

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారని అనుకోలేదు. ముందు వరుసలో మేనేజర్లు, బ్యూరో ఇన్‌చార్జిలు కూర్చున్నారు, కెమెరామెన్ తమ్ముళ్లు అలవాటు ప్రకారం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు, డ్రైవర్లు మాత్రం కింద బండ్ల దగ్గరే ఆగిపోయారట. వాళ్లను కూడా పైకి రమ్మనండి, ఓ రెండు నిమిషాలు ఆగుతాను. సేఫ్టీ ట్రైనింగ్ అంటే రిపోర్టర్లకూ టెక్నికల్ వాళ్లకూ మాత్రమే అనుకుంటాం గానీ, వాగు ఒడ్డున స్టీరింగ్ మీద చెయ్యి ఎవరిది?

నన్ను మాట్లాడమన్న విషయం, టీవీ, రేడియో, కేబుల్ ఛానళ్ల సిబ్బందికి ఆరోగ్య భద్రతా శిక్షణ ఎలా ఏర్పాటు చేయాలి అని. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. శిక్షణను ఫీల్డ్ వాళ్లతో మొదలుపెట్టొద్దు. డెస్క్‌తో మొదలుపెట్టండి. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు సేఫ్టీ ఎందుకు అంటారా? ప్రమాదంలోకి మనిషిని పంపే ఫోన్ అక్కడి నుంచే వస్తుంది కాబట్టి.

2022 జూలై మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో వరద వార్త కోసం వెళ్లిన ఒక టీవీ విలేకరి రామోజీపేట దగ్గర వాగులో కారుతో సహా కొట్టుకుపోయాడు. శవం దొరకడానికి రోజులు పట్టింది. ఆ మరుసటి ఏడాది అదే జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగితే జనాన్ని తీయడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇక్కడ హనుమకొండలో నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు కాలనీలు ఎట్లా అయ్యాయో చూశాం. చూశాం అంటే, మనోళ్లు నీళ్లల్లో నిలబడి చూపిస్తే చూశాం. మోకాలి లోతుతో మొదలైన పీటీసీ, అదే, రిపోర్టర్ కెమెరా వైపు చూసి చెప్పే ముక్క, నడుము లోతుకు వచ్చి, ఇంకో ఛానల్ రిపోర్టర్ ఛాతీ లోతుకు దిగితేగానీ ఆగలేదు. ఎంత లోతులో నిలబడితే అంత పెద్ద వార్త అన్నట్టు తయారైంది.

పారే నీళ్ల లెక్క వేరే ఉంటుంది, శిక్షణలో ఇది అంకెలతో చెప్పాలి. వేగంగా పారే నీళ్లు జానెడు కంటే తక్కువ, అంటే 15 సెంటీమీటర్లున్నా నిలబడ్డ మనిషిని పడేయగలవు. అడుగు లోతు నీళ్లు చిన్న కారును జరిపేస్తాయి. రెండడుగులు వస్తే పెద్ద బండ్లు కూడా తేలిపోతాయి. డ్రైవర్ అన్నలకు ఈ అంకెలు కంఠతా రావాలి, ఎందుకంటే కల్వర్టు మీద నీళ్లు పారుతున్నప్పుడు పైకి ఎంత లోతో తెలియదు, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో అసలే తెలియదు. ఇక టౌన్లో అయితే నీళ్ల కింద మూత లేని డ్రైనేజీ ఉంటుంది, పక్కన వీధి దీపం స్తంభంలో కరెంట్ దిగి ఉండొచ్చు, మన చేతిలో మైకు, భుజాన లైవ్ పంపే యంత్రమున్న బ్యాక్‌ప్యాక్.

ఇవన్నీ రిపోర్టర్‌కు తెలియవా? చాలామందికి తెలుసు. అయినా దిగుతారు. ఎందుకు దిగుతారంటే, వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది: "పక్క ఛానల్‌లో వస్తోంది, మనకెందుకు రాలేదు?" అంతే. ఆ ఒక్క ముక్క చదివాక వాగు లోతు ఎవరికి గుర్తుంటుంది? పంపినవాళ్లది దుర్మార్గం అనను, వాళ్ల మీద పైవాళ్ల టెన్షన్ వాళ్లకుంటుంది. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే అసైన్‌మెంట్ డెస్క్‌కు, వార్తలు తెప్పించుకునే ఇన్‌పుట్ వాళ్లకు మొదటి బ్యాచ్ పెట్టమంటున్నాను. లైవ్ అడిగే ముందు ఎక్కడ నిలబడ్డావు, చుట్టూ ఏముంది, తిరిగి ఎట్లా వస్తావు అని అడగడం వాళ్లకు అలవాటు కావాలి. రిపోర్టర్ "ఇక్కడి నుంచి ముందుకు పోను" అంటే "సరే, అక్కడి నుంచే ఇవ్వు" అనే మాట డెస్క్ నోట్లో తయారుగా ఉండాలి. గట్టు మీద నిలబడి ఇచ్చిన లైవ్ కూడా లైవే, చూసేవాళ్లకు వాగు కనిపిస్తే చాలు, రిపోర్టర్ నడుము ఎంత తడిసిందో వాళ్లకెందుకు?

మన పక్కనే ఉన్న సింగరేణిని చూడండి. గోదావరిఖనిలో గానీ భూపాలపల్లిలో గానీ కొత్తగా చేరిన కార్మికుణ్ణి నేరుగా గనిలోకి దింపరు. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ఉన్నాయి, వాటి ప్రకారం ముందు వీటీసీలో, అంటే గని వాళ్ల శిక్షణ కేంద్రంలో, శిక్షణ పూర్తి కావాలి, ఆ తర్వాత కూడా ఐదేళ్లకోసారి మళ్లీ కూర్చోవాలి. కాంట్రాక్టు కార్మికుడైనా సరే. మనదగ్గర? సోమవారం ఛానల్ లోగో ఉన్న మైకు ఇస్తాం, మంగళవారం అగ్నిప్రమాదం దగ్గరికి పంపిస్తాం.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత వర్కింగ్ జర్నలిస్టుల చట్టం అందులో కలిసిపోయింది, టీవీ, డిజిటల్ మీడియాలో ఉద్యోగం చేసే జర్నలిస్టులు కూడా, పార్ట్‌టైమ్ వాళ్లతో సహా, ఆ నిర్వచనంలోకి వచ్చారు. పని చోటు భద్రంగా ఉంచడం, నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యతలని రాసి ఉంది. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉందనిపిస్తే ఆ మాట యజమాని దృష్టికి తెచ్చే హక్కు ఉద్యోగికి ఉందనీ ఉంది. మరి మండలంలో ఉండే మన స్ట్రింగర్ సంగతి? బండి తనది, ఫోన్ తనది, పెట్రోల్ తనది, వార్తకు ఇంత అని డబ్బు. ఉద్యోగి అని అతన్ని ఎవరూ అనరు. అందరికంటే ముందు వాగు దగ్గరికి చేరేది మాత్రం అతనే. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు రాత్రిపూట ఒంటరిగా బండి మీద తిరిగేదీ అతనే. మీ శిక్షణ జాబితాలో స్ట్రింగర్ల పేర్లు లేకపోతే ఆ జాబితా నాకు చూపించొద్దు.

ఇక కరెంట్. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, వెనక నిలబడ్డ తమ్ముళ్లు కూడా వినండి. ఎన్నికల సభ అయినా, పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ అయినా ఈమధ్య జిమ్మీ జిబ్, అదే, కొనకు కెమెరా బిగించి పైకెత్తే క్రేన్, లేకుండా కవరేజీ లేదు. జిబ్ చెయ్యి అల్యూమినియం, ఇరవై ముప్పై అడుగులు పైకి లేస్తుంది. మానిటర్ చూస్తూ ఆపరేట్ చేసేవాడికి పైన వైరు కనిపించదు. 11 కేవీ లైనుకు తగలాల్సిన పని కూడా లేదు, మరీ దగ్గరికి పోతే గాలిలోంచే దూకుతుంది. కాబట్టి జిబ్ బిగించే ముందు ఒక మనిషి తల పైకెత్తి చుట్టూ తిరిగి చూడాలి, చెయ్యి పూర్తిగా లేచి పూర్తిగా తిరిగినా ఏ లైనుకూ దగ్గరగా పోని చోటు వెతకాలి, షూట్ నడిచినంతసేపూ ఒకడు పైనే చూస్తూ ఉండాలి. ఆ ఒక్కడికి వేరే పని చెప్పొద్దు.

విప్పేటప్పుడు ఇంకో గండం ఉంది. సభ అయిపోయింది, అర్ధరాత్రి దాటింది, అందరికీ నిద్ర, ఆకలి. ఖరీదైన కెమెరా కదా అని ముందు దాన్ని విప్పేస్తారు. వెనక బరువులు అట్లాగే ఉంటాయి. ముందు భాగం తేలికై ఒక్కసారిగా పైకి లేస్తుంది, వెనక బరువు కింద ఉన్నవాడి కాలి మీదో నడుం మీదో పడుతుంది, పైకి లేచిన కొన ఏ వైరును తాకుతుందో దేవుడికే తెలియాలి. ముందు బరువులు తీయాలి, తర్వాతే కెమెరా. బిగించేటప్పుడు ముందు కెమెరా, తర్వాత బరువులు. ఇది హాల్లో స్లైడ్ మీద చూపిస్తే ఎక్కదు, జిబ్ తెచ్చి బయట గ్రౌండ్‌లో చేతులతో చేయించాలి.

లైవ్ పంపే ఓబీ వ్యాన్‌కు గానీ లైట్లకు గానీ టెంట్‌హౌస్ వాళ్ల బోర్డు నుంచి లైను లాగుతాం, అతుకుల మీద టేపు చుట్టి ఉంటుంది, దాని మీది నుంచి జనం నడుస్తుంటారు. మూడో పిన్ను, అంటే ఎర్తింగ్, పనిచేస్తోందా అని టెస్టర్ పెట్టి చూసే అలవాటు ఎంతమందికి ఉంది? 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే తనే ఆగిపోయే స్విచ్, ఉన్న బోర్డు ఒకటి వ్యాన్‌లో పెట్టుకోండి, ఒక్క లెన్స్ ఫిల్టర్ మీద పెట్టేంత ఖర్చు కూడా కాదనుకుంటాను. ఎక్స్‌టెన్షన్ రీల్‌ను చుట్టి ఉంచి పెద్ద లైట్లు వేయొద్దు, లోపల వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పాకే వాడండి. ఒకవేళ బండికే లైను తగిలితే లోపలున్నవాళ్లు దిగొద్దు, లోపలే కూర్చుని కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయాలి. మంటలు వచ్చి దిగక తప్పదు అంటే, బండిని, నేలను ఒకేసారి పట్టుకోకుండా రెండు కాళ్లు దగ్గర పెట్టి దూకి, అట్లాగే చిన్నచిన్నగా జరుగుతూ దూరం పోవాలి. ఇది నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఎవరినో పిలవాల్సిన పని లేదు, విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయమే మన హనుమకొండలో ఉంది, ఒక లెటర్ పెట్టి ఇంజినీర్‌ను, అనుభవమున్న లైన్‌మెన్‌ను అడగండి. నా మాట వింటే లైన్‌మెన్‌నే ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

రేడియో మిత్రులు మా సంగతేంటి అంటున్నారు. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది, ఎర్తింగ్ రాడ్ తాకించకుండా చెయ్యి పెట్టొద్దు, టవర్ ఎక్కేవాడు దిగేదాకా స్విచ్ దగ్గర తాళం, ఆ తాళం చెవి ఎక్కినవాడి జేబులోనే. మీకివి తెలుసు, కొత్తగా వచ్చిన క్యాజువల్స్‌కు తెలుసా అన్నదే నా అనుమానం.

ఎండల గురించి రామగుండం వాళ్లకు నేను చెప్పేదేముంది, 45 డిగ్రీలు దాటిన రోజులు మీకు కొత్త కాదు. భుజం మీద కెమెరా, పక్కన ట్రైపాడ్, మధ్యాహ్నం రెండింటికి "ఎండలు మండుతున్నాయి" అని లైవ్. ఆ వార్త నీడలోంచి చెప్పినా నమ్ముతారండీ. మాట తడబడుతోంది, మనిషి అయోమయంగా ఉన్నాడు అంటే అది వడదెబ్బ, నీడకు తీసుకెళ్లి ఒళ్లు తడిపి 108కు ఫోన్ చేయాలి, స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. ఎండలో ఆపిన కార్లో లిథియం బ్యాటరీలు వదిలేయడం కూడా మానాలి.

మేడారం ఇంకో రకం. అక్కడ దుమ్ము ఉంది, తొక్కిసలాట భయం ఉంది, కానీ నన్నడిగితే అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిద్ర. నాలుగు రోజుల జాతర, సరిగా పడుకోని మనిషి అమ్మవార్ల వనప్రవేశం కాగానే అదే రాత్రి బండి తీసి పస్రా మీదుగా వరంగల్ బయల్దేరుతాడు. ఇద్దరు డ్రైవర్లను పంపలేమంటే ఆ రాత్రి అక్కడే పడుకోనివ్వండి. మళ్లీ జాతర 2028లో, బడ్జెట్ రాసుకోవడానికి టైం చాలానే ఉంది.

మనసు గురించి మాట్లాడితే మనలో చాలామంది నవ్వుతారు. 2020 మేలో గొర్రెకుంట బావిలోంచి తొమ్మిది శవాలు తీసినప్పుడు అక్కడున్న కెమెరామెన్లు ఇక్కడ కొందరు ఉండొచ్చు. జనానికి మసక చేసి చూపించాం. మసక చేసిన ఎడిటర్ మాత్రం పూర్తిగా చూశాడు, కట్ కోసం వెనక్కీ ముందుకీ తిప్పితిప్పి చూశాడు. అట్లాంటి విజువల్స్ చూసినవాళ్లను మర్నాడు వేరే పనిలో వేయడం, ఒకరే కాకుండా మార్చి మార్చి చూడటం, అడిగితే డాక్టర్ దగ్గరికి పంపడం, వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఏర్పాట్ల విషయానికి వస్తే, హోటల్ హాలు, బ్యానర్, గ్రూప్ ఫొటో, బిర్యానీ, ఇంటికి సర్టిఫికెట్, దీన్ని శిక్షణ అనుకోవద్దు. పది పన్నెండు మంది బ్యాచ్, మధ్యాహ్నం బులెటిన్‌కూ సాయంత్రం బులెటిన్‌కూ మధ్య రెండు గంటలు, సొంత కెమెరా, సొంత బండి, సొంత వైర్లు. ఆ రెండు గంటలు డ్యూటీ కింద రాయాలి, వీక్లీ ఆఫ్ రోజు పిలిస్తే మనిషి వస్తాడు గానీ మనసు రాదు. సీపీఆర్ బొమ్మ మీద ప్రతి ఒక్కరూ చేతులు పెట్టి చేయాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి, రెండు నిమిషాలు చేస్తే అది ఎంత కష్టమో తెలుస్తుంది. రెడ్‌క్రాస్ వాళ్లను, ఫైర్ స్టేషన్ వాళ్లను అడగండి. ఎండల క్లాసు ఫిబ్రవరిలో, వరద క్లాసు మే నెలాఖరులో పెట్టాలి, వాన వచ్చాక గొడుగులు కొనుక్కున్నట్టు జూలైలో కాదు.

చివర్లో పరీక్ష ఎట్లా అంటే, ఒక ఉత్తుత్తి ఫోన్ కాల్. డెస్క్ మనిషి నిజంగా అడిగినట్టే "ఇంకొంచెం ముందుకెళ్లి ఇవ్వు" అని గట్టిగా అడగాలి, రిపోర్టర్ వెళ్లనని కారణం చెప్పాలి, ఆ తర్వాత డెస్క్ ఏమంటుందో స్పీకర్ ఫోన్‌లో అందరూ వినాలి. మార్కులు డెస్క్‌కే. వేసేది డ్రైవర్.

ముందు వరుసలో ఉన్నవాళ్లు మొబైల్ తీసి క్యాలెండర్ చూస్తే మొదటి బ్యాచ్ తేదీ ఇప్పుడే ఖాయం చేసుకుందాం, తర్వాత ప్రశ్నలు.