చిలికా ఒడ్డున ఉల్లంకి పిట్టకు ఉంగరం

నమస్కారం. ఒడిశా గంజాం జిల్లా రంభ దగ్గర, చిలికా సరస్సు ఒడ్డున ఉన్నాం. మార్చి నెల. శీతకాలమంతా ఇక్కడ మేత మేసిన పక్షులు ఉత్తరానికి బయలుదేరే రోజులివి. రాత్రి బురద నేలలో కట్టిన సన్నని వలలను ఇప్పుడే దించేశాం. ఎండెక్కాక వలలో పక్షి ఉండకూడదు.

తమ్ముడూ, ఆ గుడ్డ సంచి ఇటు ఇవ్వు.

నా చెయ్యి చూడండి. మెడ చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య ఉంది, వీపు అరచేతికి ఆనింది. రొమ్మును మాత్రం నొక్కకూడదు. అది కదలకపోతే పక్షికి ఊపిరాడదు.

ఇది లిటిల్ స్టింట్, ఉల్లంకుల్లో బాగా చిన్నది. దీని కాలికి సరిపడే అల్యూమినియం ఉంగరం ఇదిగో. నంబరు నేను చదువుతాను, తమ్ముడు రాసుకుని తిరిగి చదువుతాడు. ఒక్క అంకె తప్పినా ఈ పక్షి ప్రయాణం ఇంకో పక్షి ఖాతాలో పడుతుంది. పట్టకారుతో మెల్లగా మూస్తున్నాను. అంచులు రెండూ కలవాలి, ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. పసిపిల్లకు కడియం తొడిగి చూసుకుంటామే, అలా కాలి మీద తేలికగా తిరగాలి.

రెక్క కొలిచాను. ఇక్కడ కాస్త ఆగుదాం. గొంతు కింద గుంటలో ఈకలను ఊదుతున్నాను. చర్మం కింద పసుపు కనిపిస్తోందా? అది కొవ్వు, దీని దారి బత్తెం! సంచితో 35 గ్రాములు, సంచి 7. అంటే పక్షి 28. ఈ కాస్త ఒంటితో సైబీరియా ఉత్తరపు టండ్రా దాకా వెళ్ళి గూడు పెట్టాలి. ఆ బత్తెం కట్టి ఇచ్చింది ఈ బురదలోని పురుగులే. మనం ఆలస్యం చేసిన కొద్దీ అది భయంతో కరిగిపోతుంది. అందుకే పక్షి నీరసించి కళ్ళు మూస్తే ఉంగరం వేయకుండానే వదిలేస్తాను, కొలతలు పోయినా సరే.

శిక్షణ, ప్రభుత్వ అనుమతి లేకుండా ఈ పని చేయకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మీరు చేయగలిగిన గొప్ప సాయం వేరే ఉంది. చేపల వేటకు వెళ్ళే మామయ్యలూ, వలలో ఉంగరమున్న పక్షి చనిపోయి దొరికితే పారేయకండి. ఉంగరం మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పేరు, నంబరు ఉంటాయి. ఫోటో తీసి, తేదీ, చోటు రాసి వారికి పంపండి. 1959లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఆధ్వర్యంలో ఆ సంస్థ పెద్ద ఎత్తున మొదలుపెట్టిన ఈ పనికి ఫలం దక్కేది అలా నంబరు చదివి చెప్పేవారి వల్లనే.

ఇక వదులుదాం. పైకి విసరకూడదు. నీటి అంచున చెయ్యి నేలకు ఆనించి, వేళ్ళు విప్పాలి.

వెళ్ళింది. తమ్ముడూ, టైము రాసుకో, ఆరు ఇరవై.