ఫైలు తుడిచేసినంత మాత్రాన బ్యాక్‌డోర్ పోదు
(ఒంగోలులో కంప్యూటర్ విద్యార్థులు, చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకునేవారి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు, నెల్లూరు తీరంలోని రొయ్యల హేచరీల వారు వెబ్‌సైట్లు కట్టించుకుంటున్నారు కానీ, కట్టించిన తరువాత వాటిని పట్టించుకునేవారు తక్కువ. అటువంటి సైటు పేరుతో గూగుల్‌లో వెతికితే ఒకనాడు జపనీస్ భాషలో నకిలీ సరుకుల పేజీలు కనిపిస్తాయి. కట్టిచ్చినవారు వచ్చి, అనుమానం కలిగిన ఫైలును తుడిచేసి, శుభ్రమైందని చెప్పి వెళతారు. కొద్ది రోజులకే ఆ పేజీలు మళ్లీ పుట్టుకొస్తాయి. అవి రెండోసారి ఎలా వచ్చాయో తెలియనంతవరకు సైటు శుభ్రమైందని చెప్పే అధికారం మనకు లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఒకసారి చొరబడినవారు, మనం పాస్‌వర్డ్ మార్చినా, లోపాన్ని సరిదిద్దినా తిరిగి రావడానికి వదిలిపెట్టే ఏర్పాటే బ్యాక్‌డోర్. వెబ్ సర్వర్లలో ఇది తరచుగా వెబ్‌షెల్ రూపంలో, అంటే దూరం నుంచే సర్వర్‌ను నడిపించనిచ్చే చిన్న ప్రోగ్రాం రూపంలో ఉంటుంది. 2012లో వెలుగులోకి వచ్చిన చైనా చాపర్ అనే వెబ్‌షెల్‌లో సర్వర్ మీద ఉండే భాగం ఒకే ఒక్క వరుస. బయటి నుంచి వచ్చిన అక్షరాలను ఆదేశాలుగా నడిపించడమే దాని పని.

సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు దాచే అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ ఒక పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్ నడిపించే ప్రోగ్రాం ఫైలు, ఉండటమే అనుమానించదగిన విషయం. తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. కుడివైపుకు చాలా దూరం జరిపితే, వందల ఖాళీల అవతల, బేస్64 అనే సంకేత పద్ధతిలో చుట్టిన పొడవైన అక్షరాల వరుస, దాని ముందు అక్షరాలను ప్రోగ్రాంగా నడిపించే ఈవాల్ అనే మాట బయటపడతాయి. ఫైలు తేదీ సైటు కట్టిన నాటిదే అయినా నమ్మకూడదు, ఎందుకంటే టచ్ అనే ఆదేశంతో సవరణ తేదీని ఎవరైనా వెనక్కి జరపగలరు. లినక్స్‌లో స్టాట్ ఆదేశం చూపే ఛేంజ్ సమయాన్ని (ఫైలు వివరాలు చివరిగా మారిన సమయాన్ని) మాత్రం అంత సులువుగా మార్చలేరు.

అయితే ఆ ఫైలు ఒక్కటే ఉండదు. దాన్ని తుడిచిన ప్రతిసారీ తిరిగి రాసే క్రాన్ పని (నిర్ణీత సమయాల్లో దానంతటదే నడిచే పని), ప్రతి పేజీకి ముందు మరో ఫైలును నడిపించే యూజర్ ఐఎన్ఐ అనే పీహెచ్‌పీ అమరికల ఫైలులోని అమరిక, డేటాబేస్‌లో కొత్త అడ్మిన్ ఖాతా, దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ తాళాల జాబితాలో మనది కాని తాళం — వీటన్నిటినీ చూడాలి.

2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ అనే ఈమెయిల్ సర్వర్ల లోపాలకు ప్యాచ్ (సరిదిద్దే మార్పు) విడుదలైన తరువాత కూడా, అప్పటికే చేరిన వెబ్‌షెల్‌లు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ కోర్టు అనుమతితో అమెరికాలోని వందల సర్వర్ల నుంచి వాటిని తొలగించింది. కానీ ఆ చర్య లోపాలకు ప్యాచ్ వేయలేదు, ఇతర మాల్వేర్‌ను వెతకలేదు. ప్యాచ్, తొలగింపు రెండూ వేర్వేరు పనులని, ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి ముందుగా ఫైళ్లు, డేటాబేస్, లాగ్‌లు (సర్వర్‌లో జరిగినవాటి నమోదులు) నకలు తీసి, సైటును ఆపండి. పాత ఫైళ్లను ఏరి బాగుచేసేకంటే వర్డ్‌ప్రెస్‌ను, దానికి అదనపు సౌకర్యాలిచ్చే ప్లగిన్లను అసలు చోటు నుంచి కొత్తగా తెచ్చి పెట్టడం మేలు. ఫైలు అసలుదానితో సరిపోతుందో చూసే చెక్‌సమ్ పరీక్ష మూల ఫైళ్ల వరకే భరోసా ఇస్తుంది, అప్‌లోడ్స్‌కు ఇవ్వదు. అక్కడి నుంచి బొమ్మలను మాత్రమే తీసుకుని, ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా కట్టడి చేయాలి. డబ్బు మిగులుతుందని తెచ్చిన నల్డ్ థీమ్‌ను, అంటే డబ్బు కట్టకుండా వాడేలా దొంగచాటుగా మార్చిన సైటు రూపాన్ని, మాత్రం దయచేసి మళ్లీ పెట్టకండి. బ్యాక్‌డోర్ దానితోనే వచ్చి ఉండవచ్చు. పాస్‌వర్డ్‌లన్నీ, కాన్ఫిగ్ ఫైలులోని సాల్ట్‌లు (లాగిన్‌లను కాపాడే రహస్య అక్షరాలు) కూడా మార్చాలి. రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, చేజారిందన్న అనుమానం ఉంటే సర్వర్‌నే కొత్తగా కట్టాలి.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇటువంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. చొరబాటు దారి తెలిపేవి ఆ లాగ్‌లే. సైటు తిరిగి తెరిచాక కూడా వాటిని రోజూ చూడండి. తుడిచిన ఫైలు కోసం వచ్చే పోస్ట్ అభ్యర్థనలకు (సర్వర్‌కు సమాచారం పంపేవాటికి) 404 జవాబు, అంటే ఫైలు దొరకలేదన్న జవాబు, వెళ్తుంటే వారు ఇంకా తలుపు తడుతున్నారని అర్థం. మనం పెట్టని మరో ఫైలుకు 200 జవాబు, అంటే అభ్యర్థన నెరవేరిందన్న జవాబు, వెళ్లిందంటే, అదే రోజు పని మొదటి నుంచి మళ్లీ ప్రారంభించాలి.