యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్: మార్చే ముందు కొలవాలి

మెకానిక్ మిత్రులకూ ఐటీఐ విద్యార్థులకూ నమస్కారం.

వానాకాలంలో ఒక డీజిల్ వ్యాను నా షెడ్డుకు వచ్చింది. వాన కురిసిన మర్నాడు పొద్దున రేసు ఎంత తొక్కినా బండి లాగడం లేదనీ, ఎండెక్కాక దానంతట అదే బాగవుతోందనీ డ్రైవరు చెప్పాడు. అప్పటికే వేరొక చోట పెడల్‌ను రెండుసార్లు మార్చారు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్‌లో పి2138 అనే లోపం కోడ్ ఉంది.

కేబుల్ లేని ఈ పెడల్‌లో, ఎంత తొక్కామో వోల్టుల రూపంలో చెప్పే సెన్సర్లు ఒకటి కాదు, రెండు ఉంటాయి. ఒక్కోదానికి విడిగా 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్ కలిపి మొత్తం ఆరు వైర్లు వస్తాయి. చాలా బండ్లలో కాలు తీసినప్పుడు మొదటి సిగ్నల్ సుమారు 0.75 వోల్టులు, పూర్తిగా తొక్కితే 4 వోల్టుల దగ్గర ఉంటుంది. రెండోది ఎప్పుడూ దానిలో సగమే. ఈ లెక్క తప్పితే బండి అదుపు తప్పి దూసుకుపోకుండా ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది. పి2138 అంటే రెండు సిగ్నళ్ళకూ పొంతన కుదరలేదని మాత్రమే అర్థం. పెడల్ పాడైందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు.

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో రెండు రీడింగులనూ పక్కపక్కన పెట్టుకుని పెడల్‌ను చాలా నెమ్మదిగా తొక్కాను. మొదటి సిగ్నల్ 0.76 వద్ద సరిగానే మొదలైంది. రెండోది 0.38 ఉండవలసిన చోట 0.61 చూపింది, తొక్కేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది. ఇదే నాకు దారి చూపింది. సెన్సర్ లోపలి కార్బన్ పట్టీ అరిగితే అరిగిన చోటే రీడింగ్ గెంతుతుంది గానీ, కాలు తీసినప్పుడు ఎక్కువగా ఉండి తొక్కేకొద్దీ తగ్గే తేడా ఎర్త్ వైపు లోపానికి గుర్తు. పెడల్‌కు వైర్లు కలిసే కప్లర్‌ను ఊడదీయకుండానే వెనకనుంచి మల్టీమీటర్ పిన్ను గుచ్చి, రెండో సెన్సర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.25 వోల్టులు కనిపించింది. అక్కడ దాదాపు సున్నా ఉండాలి.

కప్లర్ విప్పితే అందులో రెండో సెన్సర్ ఎర్త్ పిన్ను మీద పచ్చని చిలుము పట్టి ఉంది. ముందు అద్దం అంచు నుంచి కారిన నీరు వైర్ల వెంట దిగి అందులో చేరుతోంది. పెడల్ మార్చిన ప్రతిసారీ కప్లర్ తీసి పెట్టడంలో పిన్ను కాస్త గీసుకుని, కొన్నాళ్ళు బండి బాగా నడిచింది. కొత్త పెడలే పని చేసిందని అందరూ నమ్మారు. ఆ యజమాని రెండుసార్లు పెట్టిన ఖర్చు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెడళ్ళు అసలు చెడిపోవని నేను అనడం లేదు. 2011లో వెలువడిన నాసా నివేదిక, పట్టీ మీద ముల్లు జారే పొటెన్షియోమీటర్ రకం పెడల్ సెన్సర్‌లో తగరం నుంచి మొలిచిన సన్నని లోహపు పోగు రెండు సిగ్నళ్ళనూ కలిపేసిన ఉదంతాన్ని నమోదు చేసింది. అయితే కప్లర్ దగ్గర సరఫరా, ఎర్త్ రెండూ సరిగా ఉండి, సిగ్నల్ మాత్రమే తప్పినప్పుడే పెడల్‌ను అనుమానించాలి.

వ్యానులో పిన్ను మార్చి, అద్దం రబ్బరు సరిచేసి, వైర్లు కప్లర్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా కట్టాము. తరువాత అద్దం మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, రాత్రంతా అలాగే వదిలి, పొద్దున రీడింగ్ చూశాము. రెండో సిగ్నల్ 0.38 దగ్గర నిలిచింది.