మందులు వాడుతూనే ఎందుకు పోతున్నారు?

అందరికీ నమస్కారం. ఎయిడ్స్ దినం అనగానే ర్యాలీ, ఎర్ర రిబ్బను మామూలే, వాటి జోలికి నేను పోను. ఇక్కడున్న కౌన్సెలర్లనీ, పేషెంట్ల ఇళ్లకు తిరిగే వర్కర్లనీ బంధువులు నిలదీసే ప్రశ్న ఒకటుంది: "మందులు వాడుతూనే ఉన్నాడు కదండీ, మరెందుకు పోయాడు?" మనం "ముదిరిపోయిందమ్మా" అనేసి తప్పించుకుంటాం. ఆ ముదరడం అంటే ఏంటో కాస్త విప్పి చూద్దాం.

మందులు పనిచేయడం లేదా అంటే, బ్రహ్మాండంగా చేస్తున్నాయి. 2004లో ప్రపంచం మొత్తం మీద ఎయిడ్స్ వల్ల సుమారు 21 లక్షల మంది చనిపోతే, 2023లో ఆ సంఖ్య దాదాపు 6.3 లక్షలు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అణిచే మందులు ఇవ్వడం, మొదలైంది కూడా ఆ 2004 ఏప్రిల్‌లోనే.

అయినా పోతున్నవాళ్లలో చాలామంది మందు మొదలుపెట్టిన తొలి ఆరు నెలల్లోనే పోతున్నారు. ఎందుకంటే సీడీ4, అంటే రక్తంలో రోగనిరోధక కణాల లెక్క, 200 కంటే, ఒక్కోసారి 50 కంటే కిందికి పడిపోయాక, నడవలేని స్థితిలో వస్తారు. మాత్ర వైరస్‌ను వారాల్లో అణచేస్తుంది గానీ ఒంట్లో శక్తి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లోనే టీబీ దెబ్బ కొడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు తీసేవాటిలో ఇప్పటికీ టీబీదే మొదటి స్థానం, అదీ ఊపిరితిత్తుల్లోనే కాదు, మెదడు పొరల్లో, గ్రంథుల్లో దాక్కుని ఉంటుంది, కళ్లె పరీక్షలో దొరకదు. ఇంకో తిరకాసు ఏంటంటే, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఈ దాగిన టీబీ మీద ఒక్కసారిగా విరుచుకుపడితే జ్వరం, మెడ గడ్డలు, ఆయాసం వస్తాయి. దాన్నే ఐరిస్ అంటాం. ఇంట్లోవాళ్లు "ఈ మాత్రలు పడలేదు" అని ఆపించేసి పసరు మందుకు తీసుకెళ్తారు, అక్కడితో కథ అయిపోతుంది.

తలనొప్పిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. సీడీ4 తక్కువున్న మనిషికి రోజుల తరబడి తలనొప్పి ఉంటే క్రిప్టోకాకల్ మెనింజైటిస్ (మెదడు పొరలకు పట్టే ఫంగస్ జబ్బు) పరీక్ష చేయాల్సిందే. ఆ జబ్బు ఉంటే ముందు దానికి వైద్యం చేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాకే ఏఆర్‌టీ ఇవ్వాలి, తొందరపడి ఇస్తే చావులు పెరుగుతాయని ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో చేసిన ట్రయల్‌లో తేలింది. ఆఫ్రికాలోనే సీడీ4 100 కంటే తక్కువున్న 1,805 మంది మీద జరిగిన రియాలిటీ ట్రయల్‌లో, ఏఆర్‌టీతో పాటు మొదటి 12 వారాలు టీబీ, ఫంగస్ వగైరా రాకుండా అదనపు మందులు ఇస్తే, 24 వారాల నాటికి మరణాలు 12.2 శాతం నుంచి 8.9కి తగ్గాయి. ఆ పేషెంట్లలో దాదాపు సగం మంది పైకి బాగానే కనిపించినవాళ్లు! అందుకే మనిషిని చూసి కాదు, సీడీ4 చూసి నిర్ణయించాలి.

రిజిస్టర్‌లో "రావడం మానేశారు" అని రాస్తాం చూడండి, అది నాకు నచ్చని మాట. ఆఫ్రికాలో అలా మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే చాలామంది అప్పటికే చనిపోయి ఉన్నారు. మనవాళ్లూ కూలికి బెంగళూరు పోతారు, తాగుడులో పడతారు, ఒళ్లు బాగైందని ఆపేస్తారు, కొత్త కోడలైతే అత్తగారింట్లో డబ్బా ఎక్కడ దాచాలో తెలియక ఆపేస్తుంది.

మందుల వల్లే పోయినవాళ్లు లేరా? ఉన్నారు. స్టావుడిన్ అనే పాత హెచ్ఐవీ మందుతో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, 2009లో డబ్ల్యూహెచ్‌వో దాన్ని మానెయ్యమంది. ఇప్పటి డోలుటెగ్రావిర్ మాత్రతో అంత భయం లేదు.

పదీ ఇరవై ఏళ్లుగా బుద్ధిగా వాడుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లను చంపేది గుండెపోటు, లివర్, కిడ్నీ, క్యాన్సర్. హెచ్ఐవీ ఉన్న మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. డెన్మార్క్‌లో లెక్కేస్తే, మందులు సరిగ్గా వాడుతూ పొగ తాగేవాళ్లు హెచ్ఐవీ వల్ల కంటే సిగరెట్ వల్లే రెట్టింపు ఆయుష్షు పోగొట్టుకుంటున్నారు. మరి మనం వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) చూసి "సూపర్" అని పంపేస్తాం, బీపీ ఎవరు చూశారు? బీడీ మానమని ఎవరు చెప్పారు?

ఇంకొకటి చెప్పి మైకు ఇచ్చేస్తా. డెత్ సర్టిఫికెట్‌లో "కార్డియాక్ అరెస్ట్" అని రాస్తారు. ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది కదండీ! ఇకమీదట ఎవరైనా పోతే ఇంటికి వెళ్లినప్పుడు చివరి నెలలో జ్వరముందా, తలనొప్పా, ఆయాసమా, మాత్రలు ఎప్పుడు ఆపారు, మనసు బాలేదని ఎవరితోనైనా అన్నారా అని అడిగి, ఆ ఫైల్‌లోనే రాసిపెట్టండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.