సబ్బు మీద ఒక మాట

[తెర మీద: రెండుగా చీలిన వేప చెక్క. దాని మీద సగం చెక్కిన ‘ర’.]

నమస్కారం. ఇది నేను చెక్కిన మొదటి అక్షరం. చెక్కాను అనకూడదేమో, చీల్చాను! తిరుపతిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నాకు ‘ర’ రాదంటే పిల్లలు నవ్వుతారు. చెక్క మీద మాత్రం నిజంగానే రాలేదు.

[దగ్గరగా: చెక్క మీద సన్న గీతలు.]

ఈ గీతలు చూడండి. ఇదే నార. ఉలి నార వెంట నడిస్తే పొట్టు చుట్టుకుంటూ లేస్తుంది. ఎదురు నడిస్తే పెచ్చు ఊడుతుంది. ‘ర’ గుండ్రం కదా, వంపులో సగం ఇటు నుంచి, మిగతా సగం అటు నుంచి కొట్టాలి. నేను చెయ్యి తిప్పలేదు. సుత్తితో ఇంకో దెబ్బ వేశాను.

తమాషా ఏమిటంటే, మన అక్షరాలు గుండ్రబడిందే నార వల్ల అంటారు. తాటాకు మీద గంటంతో ఈనె వెంట తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది, వంపు తిప్పితే నిలుస్తుంది. ఆకును కాపాడిన వంపే నా చెక్క కొంప ముంచింది.

[ఏర్పేడు దారి.]

ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది, కొయ్య బొమ్మలకు పేరున్న ఊరు. ముక్క పట్టుకుని వెళ్ళాను. ఒక పెద్దాయన దాన్ని తిప్పి చూసి, “ఉలి పట్టకముందు దీన్ని ఎంతసేపు చూసినావు సారూ?” అన్నాడు.

లెక్కేసుకున్నాను. అర నిమిషం కూడా లేదు. బస్సులో తిరిగొస్తుంటే ఇంకో లెక్క గుర్తొచ్చింది: గంట కొట్టేలోపు పాఠం ముగించాలని నేను పేజీలు తిప్పే వేగం.

తిరుమల గుడి సంకీర్తన భాండాగారంలో అన్నమయ్య (1408–1503) పాటలున్న రాగిరేకులు రెండు వేలకు పైగా దొరికాయి. చెక్కినవాడు ఒక్క అక్షరం కూడా దాటవేసి ముందుకు పోలేడు కదా. అక్కడ పుట్టింది మా తరగతి ఆట.

[బెంచీ మీద పాత పేపరు, సబ్బు, ఐస్‌క్రీమ్ పుల్ల.]

శేషాచలం పక్కనే ఉన్నామని ఎర్రచందనం జోలికి పోకండి. చట్టం ఒప్పుకోదు, దాని చేవ కొత్త చేతికి లొంగదు. కొండపల్లివాళ్ళ పునికి కర్ర మెత్తన, నాకిక్కడ దొరకలేదు. పిల్లలకు ఉలి ఇవ్వలేను. అందుకని సబ్బు. కొత్తదే తీసుకోండి, ఎండినది పెళుసు. మాట రాసి, అంచు వెంట లోతుగా గీసి, బయటి భాగం కొద్దికొద్దిగా గీకేయాలి. మాట పైకి తేలుతుంది.

నియమం ఒకటే. పాఠమంతా చదివి ఒక్క మాట ఎంచుకోవాలి, ఎందుకో చెప్పాలి. మొదటి రోజు సగం మంది రెండక్షరాల మాటలే తెచ్చారు, పని తక్కువని!

ఒకమ్మాయి ‘కానీ’ చెక్కింది.

“నువ్వూ తప్పించుకున్నావా?” అన్నాను.

“లేదు సార్, కథ అక్కడే కదా తిరిగింది!”

పుస్తకం తీసి చూశాను. అక్కడే తిరిగింది. ఏళ్ళుగా చెబుతున్న పాఠం, ఆ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగలేదు.

ఆ సబ్బును మీకు చూపిద్దామనుకున్నాను. వాళ్ళమ్మ మర్నాడే స్నానాల గదిలో పెట్టేసిందట.

“గుడిదీర్ఘం ముందు అరిగిపోయింది సార్,” అంది.