మాత్రలు మింగించి గెలిచిన జనరల్

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బ్రిటిష్ జనరల్ అనగానే జమీందారీ కుటుంబమే గుర్తొస్తుంది. విలియం స్లిమ్‌ది అలాంటి ఇల్లు కాదు. 1891లో బ్రిస్టల్‌లో పుట్టాడు. తండ్రి ఇనుప సామాన్ల వ్యాపారం దెబ్బతింది. కుర్రాడు బర్మింగ్‌హామ్‌లో కొన్నాళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఇనుప గొట్టాల కంపెనీలో గుమాస్తాగా చేరాడు. 1914లో యుద్ధం రాకపోతే అక్కడే ఉండిపోయేవాడేమో. టర్కీలోని గల్లిపోలిలో, మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) గాయపడ్డాడు. తర్వాత భారత సైన్యంలోకి మారి గూర్ఖా పటాలంలో చేరాడు. జీతం చాలక మారుపేరుతో పత్రికలకు కథలు కూడా రాశాడు.

1942 మార్చిలో ఆయన్ను బర్మాకు పంపేసరికే రంగం (రంగూన్ నగరం) జపాన్ చేతికి పోయింది. మన కోస్తా నుంచి రంగం రేవులో కూలికి వెళ్లినవాళ్లు ఎందరో అడవుల వెంట నడిచి ప్రాణాలతో బయటపడ్డారు, ఎందరో దారిలోనే పోయారు. స్లిమ్ సైన్యం కూడా సుమారు 900 మైళ్లు వెనక్కి నడిచింది. జపాన్‌కు దక్కకూడదని యెనాంజావ్ చమురు బావులకు తామే నిప్పు పెట్టుకుని, మే నెల వానల్లో ఇంఫాల్ చేరింది.

నన్నడిగితే స్లిమ్ అసలు జనరల్ అయింది ఆ ఓటమిలోనే. తప్పు తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు. 1943 చివర్లో 14వ సైన్యం చేతికొచ్చాక ముందు చూసింది తుపాకుల్ని కాదు, జ్వరాల్ని. ఆ ఏడాది ఒక్కడు గాయపడి ఆసుపత్రికి వెళ్తే, 120 మంది జబ్బుతో వెళ్తున్నారు. మలేరియాకు మెపాక్రిన్ అనే మాత్ర ఉంది. కానీ మింగితే మగతనం పోతుందని సిపాయిల్లో పుకారు! స్లిమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. చెప్పాపెట్టకుండా పటాలాలకు పరీక్షలు పెట్టించాడు. నూటికి 95 మంది ఒంట్లో మందు కనబడకపోతే పటాలం అధికారి ఉద్యోగం ఊడినట్టే. ముగ్గురిని పీకేసరికి మిగతావాళ్లకు విషయం అర్థమైంది.

తిండి, తూటాలు విమానాల నుంచి దింపాలంటే పారాచూట్లకు సిల్కు లేదు. కలకత్తా జనపనార మిల్లుల చేత గోనె గుడ్డతో పారాచూట్లు చేయించాడు. ధర చాలా తక్కువ, పని బాగానే జరిగింది.

1944లో జపాన్ సేనలు మూడు వారాల తిండితో ఇంఫాల్, కొహిమాల మీదికొచ్చాయి. స్లిమ్ తన దళాల్ని ఇంఫాల్ మైదానానికి లాక్కుని, ఆకాశం నుంచి సరుకు తెప్పించుకుంటూ నిలబడ్డాడు. ఆకలితో, జబ్బులతో జపాన్ సేనలు వెనుదిరిగాయి. మరుసటి ఏడాది అసలు గురి మాండలే అని నమ్మించి, చాటుగా ఇరావతి నది దాటి మధ్య బర్మాలోని మెయిక్తిలా పట్టణాన్ని పట్టాడు. మే 3న రంగం మళ్లీ చేతికొచ్చింది.

అదే నెలలో పైఅధికారి ఆలివర్ లీస్, ఆయన్ను 14వ సైన్యం నుంచి తప్పించబోయాడు. సిపాయిల నుంచి లండన్ దాకా గగ్గోలు లేచి, చివరికి లీస్ పదవే పోయింది! ఆ కుర్చీలో స్లిమ్ కూర్చున్నాడు.

1948లో రిటైరై రైల్వేలో పనిచేస్తున్న మనిషిని బ్రిటిష్ ప్రధాని అట్లీ వెనక్కి పిలిచి బ్రిటిష్ సైన్యానికి అధిపతిని చేశాడు. దిగిపోతున్న మాంట్‌గోమరీ, ఆ పదవి ఇంకొకరికి ఇస్తానని చెప్పేశానన్నాడట. అయితే కాదని చెప్పిరమ్మన్నాడట అట్లీ. భారత సైన్యం నుంచి ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు స్లిమ్.